అరువు ఆటతో జట్టు నిలబడదు



పోస్టు పొడుగైంది. తీరిక చూసుకునే చదవండి గానీ, సర్వసభ్య సమావేశానికి వచ్చేలోపు మాత్రం చదివి రండి. ఇది ఒక్కరి మాట కాదు. కుందుర, జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం వైపు నుంచి మన చెస్ బోర్డుల దగ్గర కూడేవాళ్లం కొందరం మాట్లాడుకుని రాస్తున్నాం.

విషయం మీకు తెలిసిందే. జట్టు పోటీకి సంఘం తరఫున జట్టును పంపాలి. నాలుగు బోర్డులు, ఒక రిజర్వు, మొత్తం ఐదుగురు. దానికోసం కార్యవర్గం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. అందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, ఎవరికి రేటింగ్ ఎక్కువో వాళ్లకు ఒకటో బోర్డు, తర్వాతివాళ్లకు రెండు, అలా వరసగా దిగుతూ పోవాలి. రెండు, ఒక కోర్సు కొని ఐదుగురూ తెల్లపావులతో ఒకే ఓపెనింగ్, నల్లపావులతో ఒకే ఓపెనింగ్ నేర్చుకోవాలి. మూడు, బలం చాలదనుకుంటే తీరం నుంచి రేటింగ్ ఉన్న ఇద్దరిని డబ్బిచ్చి తెచ్చుకోవాలి.

ఈ మూడింటినీ మేం వ్యతిరేకిస్తున్నాం. ప్రతిపాదన తెచ్చినవాళ్ల మీద మాకు కోపం లేదు. గెలవాలన్న ఆత్రం వాళ్లకెంతో మాకూ అంతే. మేం చెప్పేది ఒక్కటే. మన దగ్గరున్న మనుషులు ఎలా ఆడతారో చూసి, ఆ ఆట చుట్టూ జట్టు కట్టాలి. ఎక్కడో ఎవరికో గెలుపు తెచ్చిన పద్ధతి పట్టుకొచ్చి మనవాళ్లను అందులోకి కుక్కితే, ఐదుగురు ఆటగాళ్లుండరు, ఐదు వేషాలుంటాయి.

ముందు రేటింగ్ సంగతి చూద్దాం.

2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ జరిగింది. ఓపెన్ విభాగంలోనూ మహిళల విభాగంలోనూ మన దేశానికి బంగారు పతకాలు వచ్చాయి. ఆ రోజు మన గ్రూపులో ఎన్ని శుభాకాంక్షల బొమ్మలు తిరిగాయో గుర్తుందా? అర్జున్ ఎరిగైసి మన వరంగల్ కుర్రాడని, హరికృష్ణ, హారిక మన గుంటూరువాళ్లని అందరం మురిసిపోయాం. బాగానే ఉంది. కానీ ఆ జట్టు ఎలా కూర్చుందో ఎంతమంది చూశారు?

ఆ నెల రేటింగ్ జాబితాలో మన జట్టులో అందరికంటే పైన ఉన్నది అర్జున్. ఆయనది 2778, గుకేశ్‌ది 2764, ప్రజ్ఞానందది 2750. మన ప్రతిపాదన ప్రకారమైతే ఒకటో బోర్డు అర్జున్‌కి ఇవ్వాలి. కెప్టెన్ శ్రీనాథ్ నారాయణన్ కూర్చోబెట్టిన జట్టులో ఒకటో బోర్డు గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది. దేశంలోకెల్లా ఎక్కువ రేటింగ్ ఉన్న అర్జున్ మూడో బోర్డులో కూర్చున్నాడు. ఏమైంది? గుకేశ్ 10 ఆటల్లో 9 పాయింట్లు తెచ్చి ఒకటో బోర్డు బంగారం పట్టాడు. అర్జున్ 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చి మూడో బోర్డు బంగారం పట్టాడు. జట్టు 11 రౌండ్లలో 10 గెలిచి, ఒక్క ఉజ్బెకిస్తాన్‌తో సమం చేసుకుంది. 22 మ్యాచ్ పాయింట్లకు 21.

ఎందుకలా కుదిరిందో ఇద్దరి ఆటా చూసినవాళ్లకు అర్థమవుతుంది. అర్జున్ డ్రా కోసం ఆడే మనిషి కాడు. నల్లపావులైనా సరే, ఆటను గజిబిజి చేసి, ఎదుటివాడు ఎక్కడో తడబడేదాకా లాగుతాడు. ఆ ఆట తనకన్నా కొంచెం తక్కువవాళ్ల మీద వరసగా పూర్తి పాయింట్లు పండిస్తుంది. ప్రపంచంలో పేరున్నవాళ్లు ఎదురయ్యే ఒకటో బోర్డులో రోజూ అదే సాహసం చేస్తే ఖర్చు ఎక్కువ. అక్కడ లోతుగా లెక్కపెట్టి, ఒత్తిడికి చలించకుండా కూర్చునే గుకేశ్ కావాలి. కాబట్టి మూడో బోర్డు అర్జున్‌కు చిన్నతనం కాలేదు. అది ఆయన ఆటకు సరిపోయిన పొలం. విత్తనాన్ని బట్టి మడి చూసుకోవడం మన రైతులకు ఎవరైనా నేర్పాలా?

"రేటింగ్‌లో నంబర్ వన్‌ని, నన్ను మూడో బోర్డులో కూర్చోబెడతారా" అని ఆయన అలిగి ఉంటే ఆ పతకాలు ఏమయ్యేవో ఆలోచించండి. మన దగ్గర పదిహేను పాయింట్ల రేటింగ్ తేడాకి ఒకటో బోర్డు నాదంటే నాదని నెల రోజులు మాటలు మానేసినవాళ్లున్నారు. పేర్లు అక్కర్లేదు, వాళ్లే ఇది చదివి నవ్వుకుంటారు.

ఇంకో రెండేళ్లు వెనక్కి పోదాం. 2022లో ఒలింపియాడ్ చెన్నైలో జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి ఓపెన్ విభాగంలో మనకు మూడు జట్లు. మొదటి జట్టులో హరికృష్ణ, విదిత్, అర్జున్, నారాయణన్, శశికిరణ్. రేటింగ్ సగటు ప్రకారం దానిది పోటీలో రెండో స్థానం. రెండో జట్టులో ఎక్కువమంది కుర్రాళ్లు. గుకేశ్, నిహాల్ సరీన్, ప్రజ్ఞానంద, రౌనక్ సాధ్వానీ, వాళ్లకు తోడు అధిబన్. దాని స్థానం పదకొండు. చివరికి కుర్రాళ్ల జట్టు కంచు పతకం పట్టుకుంది, పెద్ద జట్టు నాలుగో స్థానంలో ఆగింది. బంగారం పట్టిన ఉజ్బెకిస్తాన్‌ది రేటింగ్ ప్రకారం పద్నాలుగో స్థానం, వెండి పట్టిన ఆర్మేనియాది పన్నెండు. రేటింగ్‌లో అందరికంటే పైనున్న అమెరికా పతకం లేకుండా ఇంటికి పోయింది. రేటింగ్ కూడికే జట్టైతే పోటీ పెట్టడం దేనికి? క్యాలిక్యులేటర్ పెట్టి పతకాలు పంచేయొచ్చు.

రేటింగ్‌ను చెత్తబుట్టలో వేయమని మేం అనడం లేదు. ఎవరు ఎంత బలంగా ఆడుతున్నారో అది చెబుతుంది. ఎలా ఆడతారో చెప్పదు. ఇద్దరికి 1600 ఉంటే, ఒకరు సగం ఆటలు గెలిచి సగం ఓడి అక్కడికి వచ్చి ఉంటారు, ఇంకొకరు వరసగా డ్రాలు చేసుకుంటూ వచ్చి ఉంటారు. అంకె ఒకటే, మనుషులు వేరు. జట్టు కట్టేవాడికి కావలసింది ఆ రెండో సమాచారం.

ఇక ఒకే కోర్సు, ఒకే ఓపెనింగ్ అన్న మాట.

ఆ కోర్సులో నల్లపావులకు ఇచ్చింది సిసిలియన్‌లో నజ్‌డార్ఫ్. గొప్ప ఓపెనింగే. ఫిషర్, కాస్పరోవ్ లాంటివాళ్లు దానితో ఎన్నో ఆటలు గెలిచారు. కానీ దాని స్వభావం చూడండి. చాలా వరసల్లో తెల్లపావులవాడు ఒక పక్క కోట కట్టుకుని, రెండో పక్క బంట్లను మన రాజు మీదికి తోసుకొస్తాడు. మనం అవతలి పక్క నుంచి వాడి రాజు మీదికి పోవాలి. ఎవరు ఒక్క ఎత్తు ముందుంటే వాళ్లది ఆట. ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టాలి, ఆ తర్వాత నిప్పుల మీద నడిచే గుండె ఉండాలి.

ఇప్పుడు మన మామయ్య ఒకాయన ఉన్నారు కదా, పేరు రాయం, అందరికీ తెలుసు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన ఆట ఏమిటి? కారో-కాన్ ఆడతారు, వీలు దొరికితే మంత్రుల్ని మార్చేస్తారు, ఆ తర్వాత ఒక ఏనుగు, ఐదు బంట్లతో మూడు గంటలు కూర్చుని ఎదుటివాడి ఓపిక తినేస్తారు. ఆయన్ని ఓడించడం కొండరాయి దొర్లించినంత పని. అలాంటి మనిషికి నజ్‌డార్ఫ్ కోర్సు ఇచ్చి, రెండు నెలల్లో నేర్చుకో అంటే ఏమన్నారో తెలుసా? "ఏటిరా, ఈ వయసులో నాను ఇంకోడి చొక్కా తొడుక్కుని ఆడాలా?" అన్నారు. ఆ ఒక్క ముక్క మేం ఇప్పటిదాకా రాసినదానికన్నా సూటిగా ఉంది.

దానికి జవాబు ఏమొచ్చిందంటే, "ఆయన ఎప్పుడూ డ్రాలే చేస్తాడు, డ్రాలతో పోటీలు గెలుస్తామా?" అని. గెలుస్తాం. లెక్క చూడండి. నాలుగు బోర్డుల మ్యాచ్‌లో రెండున్నర తెచ్చుకుంటే మ్యాచ్ మనది. ఒక గెలుపు, మూడు డ్రాలు చాలు. నాలుగు-సున్నా గెలిచినా, రెండున్నర-ఒకటిన్నర గెలిచినా మ్యాచ్ పాయింట్లు రెండే. బుడాపెస్ట్‌లో పదో రౌండులో మనవాళ్లు అమెరికాను ఓడించింది సరిగ్గా రెండున్నర-ఒకటిన్నరతోనే. గుకేశ్ కరువానాను గెలిచాడు, అర్జున్ డోమింగేజ్‌ను గెలిచాడు, విదిత్ అరోనియన్‌తో డ్రా చేసుకున్నాడు, ప్రజ్ఞానంద వెస్లీ సో చేతిలో ఓడాడు. నాలుగో బోర్డులో ఆ అర పాయింటు లేకపోతే మ్యాచ్ సమమయ్యేది. జట్టు ఆటలో డ్రా చేసేవాడు గోడ. గోడకు ఆనుకునే మిగతావాళ్లు విల్లు ఎక్కుపెడతారు.

గోడ విలువ తెలియాలంటే టిగ్రాన్ పెట్రోసియన్‌ను తలుచుకోండి. సోవియట్ జట్టు తరఫున పది ఒలింపియాడ్‌లు ఆడాడు. వందకు పైగా ఆటలు. ఓడింది ఒకే ఒక్కటి, 1972లో స్కోప్యేలో హ్యూబ్నర్ చేతిలో. అదే సోవియట్ జట్టులో 1958లో మ్యూనిక్‌లో పెట్రోసియన్‌తో పాటు మిఖాయిల్ తాల్ కూడా ఉన్నాడు. తాల్ అంటే పావులు బలిచ్చి నిప్పు పెట్టే మనిషి. పెట్రోసియన్ అంటే నిప్పు రాకముందే నీళ్లు చల్లే మనిషి. ఒకణ్ణి ఇంకొకడిలా ఆడమని ఎవరైనా చెప్పి ఉంటే, ఇద్దరు గొప్ప ఆటగాళ్లు పోయి ఇద్దరు మామూలువాళ్లు మిగిలేవారు.

అంతదూరం ఎందుకు, మన తెలుగువాళ్లనే చూడండి. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. గుడివాడలో పుట్టిన ఆ పిల్లకి ఆట నేర్పింది తండ్రి అశోక్ గారే. మంత్రి ముందు బంటుతో మొదలుపెట్టి, నిదానంగా, గట్టిగా బిగించుకుంటూ పోయే ఆట ఆమెది. ఆ ఆటతోనే 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ తెచ్చింది. హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్. హడావిడి లేని ఆట, పావులు తగ్గాక చిన్న లాభాన్ని పిండి గెలుపుగా మార్చే నేర్పు. అర్జున్ సంగతి పైన చెప్పుకున్నాం. ముగ్గురూ ఆ పక్క ఈ పక్క ఊళ్లవాళ్లే, ఒకరిలా ఒకరు ఆడరు. అర్జున్‌ను హంపిలా ఆడమని, హంపిని అర్జున్‌లా ఆడమని చెప్పే కోచ్ ఉంటే ఆయన్ని మనం ఏమంటాం? మరి మన పిల్లలకు మాత్రం ఒకే కోర్సు ఎందుకు?

ఈ జబ్బు చెస్‌కే ఉందనుకోకండి. విదేశాల్లో వార్‌హ్యామర్ అనే ఆట ఉంది. ఈమధ్య మన నగరాల్లో కూడా కుర్రాళ్లు ఆడుతున్నారు. చిన్న చిన్న సైనికుల బొమ్మలు కొని, అతికించి, రంగులు వేసి, ఒక పెద్ద బల్ల మీద యుద్ధం ఆడతారు. ఒక్కో బొమ్మకు ఇన్ని పాయింట్లని ఉంటుంది. మొత్తం ఇన్ని పాయింట్లు దాటకుండా ఎవరి సైన్యాన్ని వాళ్లే ఏరుకోవాలి. అక్కడా ఇదే తంతు. ఏదో పెద్ద పోటీలో గెలిచినవాడి సైన్యం జాబితా నెట్‌లో దొరుకుతుంది, వందమంది దాన్నే కొంటారు. గెలిచినవాడు ఆ సైన్యంతో నెలల తరబడి ఆడి, ఏ బొమ్మ ఎప్పుడు కదపాలో, ఏది చావడానికి వదిలేయాలో చేతికి ఎక్కించుకుని ఉంటాడు. కొన్నవాడికి బొమ్మలు వస్తాయి, చెయ్యి రాదు. దూరం నుంచి కాచుకుని కొట్టడం ఇష్టమైన మనిషి, ముందుకు దూకి కొట్టే సైన్యం పట్టుకుని మొదటి పావుగంటలోనే బోర్లా పడతాడు. ఆ ఆటను జట్లుగా ఆడేటప్పుడు ఇంకో ముచ్చట ఉంది. ఎవరి ముందు ఎవరు కూర్చోవాలన్నది రెండు జట్ల కెప్టెన్లూ ఎత్తుకు పైఎత్తు వేసి తేల్చుకుంటారు. కాబట్టి ప్రతి ఒక్కరూ గెలవాల్సిన పని లేదు. "ఈయన్ని ఎవరి ముందు వేసినా కూలిపోడు" అనే మనిషి ఒకడు, "ఫలానా రకం సైన్యం వస్తే చీల్చేస్తాడు" అనే మనిషి ఒకడు ఉంటే సగం పని అయిపోయినట్టే. అందరూ ఒకే రకమైతే కెప్టెన్ చేతిలో ఎత్తే ఉండదు.

ఇవన్నీ పరాయి కబుర్లనుకుంటే, మన అరుగుల మీదకి రండి. పులి-మేక తెలియనిదెవరికి? మన ఒడియా స్నేహితుల ఇళ్లల్లో బాఘ-ఛేళి అంటారు. సుద్దముక్కతో గీసిన గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి గెంతి మేకను తింటుంది. మేకలు సందు ఇవ్వకుండా సర్దుకుని పులిని కట్టేస్తాయి. రెండు పక్షాల బలం వేరు, గెలిచే దారి వేరు. పులుల్ని చక్కగా ఆడే పిల్లాడికి మేకలిస్తే ఓపిక లేక పోగొట్టుకుంటాడు. మేకలతో ఎవర్నీ కదలనివ్వని అమ్మమ్మలు మన ఇళ్లల్లో ఉన్నారు. వాళ్లకు పులులిస్తే నవ్వి పక్కన పెట్టేస్తారు. ఎవరికి పులి, ఎవరికి మేకలు అన్నది సుద్దముక్క పట్టుకున్న పిల్లలకి తెలుసు. కార్యవర్గానికి తెలియకపోతే ఎలా?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. "నా శైలి ఇదే అని ప్రతివాడూ తన బద్ధకానికి పేరు పెట్టుకుంటాడు. ఎండ్‌గేమ్ రాకపోవడం శైలా? క్లాక్ చూసుకోకపోవడం శైలా?" కాదు. లోపం వేరు, శైలి వేరు. ఏనుగు బంటు ఎండ్‌గేమ్ తెలియకపోతే నేర్చుకు తీరాలి, అందులో బేరం లేదు. శైలి అంటే అన్నీ తెలిసినా, అలిసిపోయి, క్లాక్‌లో పది నిమిషాలు మిగిలినప్పుడు చెయ్యి తనంతట తాను ఎటు పోతుందో అది. దాన్ని కనిపెట్టడం ఊహల పని కాదు. ప్రతి ఆటగాడివీ చివరి ఇరవై ఆటల స్కోరు కాగితాలు తీయండి. మూడు గుర్తులు పెట్టండి. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించాడు? ఎక్కడ మొదటిసారి ఆట చేజారింది? అప్పటికి మంత్రులు బోర్డు మీద ఉన్నాయా, మారిపోయాయా? ఇరవై కాగితాల్లో అది బయటపడుతుంది. మేం కొందరివి చూశాం. ఎవరు మంత్రులు పోయాక కూడా నిలబడతారో, ఎవరు మంత్రులు పోయాక ఉత్సాహం పోగొట్టుకుంటారో కళ్లకు కట్టినట్టు కనిపించింది.

అలా చూస్తే మన దగ్గర జట్టు లేకపోవడం ఏమిటి? ఒకటో బోర్డుకి మామయ్య లాంటి గోడ ఉన్నారు. ఎదుటి జట్టులో పెద్దవాడు ఆయన ముందు కూర్చుని అరపాయింటుతో లేస్తే మనకు లాభమే. సునాబెడ నుంచి వచ్చే ఫ్యాక్టరీ తమ్ముడు నల్లపావులంటే భయపడడు, ఎదురుదాడి ఆయన తిండి. రాయగడ పేపర్ మిల్లు కాలనీ కుర్రాడు తెల్లపావులు దొరికితే పదిహేనో ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చేస్తాడు. పెద్ద బోర్డుల్లో అది పిచ్చి, మూడో బోర్డులో అది ఆయుధం. ఇక కుందుర నుంచి బస్సెక్కి వచ్చే పదో తరగతి పిల్ల. రేటింగ్ ఇంకా లేదు, కాబట్టి ప్రతిపాదనలో ఆమె పేరే లేదు. కానీ పావులు తక్కువైన ఆటల్లో ఆమె లెక్క తప్పడం మేం చూడలేదు. జట్టు జాబితా గోడ మీద పెట్టిన రోజు, "మరి నేనేటి ఆడాలండి?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ పోస్టు ఆ ప్రశ్నకు జవాబు.

రిజర్వు అంటే మిగిలిపోయినవాళ్లు కూర్చునే కుర్చీ అని కూడా అనుకోకండి. మన ఒడిశా అమ్మాయి పద్మినీ రౌత్ 2014లో ట్రోమ్సో ఒలింపియాడ్‌లో రిజర్వు బోర్డులో ఆడి బంగారు పతకం తెచ్చింది. పైగా రిజర్వు కెప్టెన్ చేతిలో తాళంచెవి. సాధారణంగా మ్యాచ్‌లో ఒకటి, మూడు బోర్డులకు ఒక రంగు, రెండు, నాలుగు బోర్డులకు ఇంకో రంగు వస్తాయి. రెండో బోర్డు మనిషిని ఒక రౌండు ఆపితే మూడోవాడు రెండుకి, నాలుగోవాడు మూడుకి జరుగుతారు, రిజర్వు నాలుగులో కూర్చుంటారు. జరిగినవాళ్ల రంగులు మారిపోతాయి. ఎవరికి ఏ రౌండులో ఏ రంగు ఇవ్వాలో తెలిసిన కెప్టెన్‌కి ఇది పెద్ద వరం. ఐదుగురూ ఒకే మూసలో ఉంటే ఈ తాళంచెవితో తెరవడానికి తలుపే ఉండదు.

చివరిగా అద్దె ఆటగాళ్లు. సంఘం నిధి అంటే ఎవరి డబ్బు? దసరా చందాల్లోంచి, ఉగాది విందులో మిగిల్చిన దాంట్లోంచి పోగైన డబ్బు. దాంతో ఇద్దర్ని తెస్తే వాళ్లు రెండు రోజులు ఆడతారు, గెలిస్తే ఫొటో దిగుతారు, సాయంత్రం రైలెక్కి పోతారు. సోమవారం నాడు మన బోర్డుల దగ్గర ఏం మిగులుతుంది? ఒక కప్పు, రెండు ఖాళీ కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చోవలసిన ఇద్దరు మనవాళ్లు "మనతో పని లేదట" అని ఇంట్లో ఉండిపోతారు. పిల్లలు ఒకసారి మానేస్తే మళ్లీ రావడం ఎంత కష్టమో మనకి తెలుసు.

తీరంవాళ్లు మనకు పరాయివాళ్లు కారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోదే. ఆ జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్నారు. తీరానికి కొండ మీది నుంచి చెయ్యి అందిన రోజులవి. కాబట్టి అక్కడి నుంచి కోచ్ వచ్చి ఎండ్‌గేమ్ నేర్పితే పీట వేసి కూర్చోబెడదాం. వచ్చి మన బదులు ఆడిపెడితే మాత్రం ఆ ఆట మనదెలా అవుతుంది? బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మనవాళ్లు. "మీ తెలుగు అసలు తెలుగు కాదు" అని అటువాళ్లు, "మీరు ఇక్కడివాళ్లు కారు" అని ఇటువాళ్లు అంటుంటే వింటూ పెరిగారు. ఇప్పుడు సొంత సంఘం కూడా "మీ ఆట అసలు ఆట కాదు, వేరేవాడిది నేర్చుకోండి" అంటే ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి?

ఊరికే వద్దు వద్దంటే సరిపోదు కాబట్టి, మేం అడిగేవి రాస్తున్నాం.

జట్టు ఎంపికకు ముందు ఆశ ఉన్న ప్రతి ఒక్కరి ఇరవై ఆటలూ ముగ్గురు కూర్చుని చూడాలి. ఆ ముగ్గురిలో పోటీపడేవాళ్లు ఉండకూడదు.

బోర్డుల వరస కెప్టెన్ నిర్ణయించాలి. పోటీ నిబంధన అడ్డుపడనంతవరకు రేటింగ్‌ను ఒక సమాచారంగా చూడాలి, చట్టంగా కాదు. ఎందుకలా కూర్చోబెట్టాడో కెప్టెన్ జట్టుకు నోటితో చెప్పాలి. వరస చెప్పాక అలకలుండకూడదు.

ఒకే కోర్సుకు పెట్టాలనుకున్న డబ్బుతో ఎండ్‌గేమ్ క్లాసులు పెట్టించండి. అవి అందరికీ ఒకటే, ఏ శైలివాడికైనా పనికొస్తాయి. ఓపెనింగ్ మాత్రం ఎవరిది వాళ్లకి వదిలేయండి. వాళ్ల ఓపెనింగ్‌లో వాళ్లకి కావలసిన పుస్తకం కొనివ్వండి.

అద్దె ఆటగాళ్ల ప్రతిపాదన వెనక్కి తీసుకోండి. ఆ డబ్బు కుందుర, గుణుపురం లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల బస్సు ఖర్చులకు పెట్టండి.

ఐదో పేరు రేటింగ్ లేని వాళ్లలోంచి రావాలి. ఈసారి కాకపోతే ఎప్పుడు?

"ఇలా చేస్తే గెలుస్తామని హామీ ఇస్తారా?" అని కామెంట్లలో అడుగుతారు, మాకు తెలుసు. హామీ ఎవరూ ఇవ్వలేరు, కోర్సు అమ్మేవాడు కూడా ఇవ్వడు. ఒకటి మాత్రం చెప్పగలం. సొంత ఆట ఆడి ఓడితే, ఎక్కడ ఓడామో ఆ రాత్రే తెలుస్తుంది, మర్నాడు దిద్దుకోవచ్చు. అరువు ఆట ఆడి ఓడితే, తప్పు మనదో కోర్సుదో కూడా తెలియదు. అరువు ఆటతో గెలిచినా, ఎందుకు గెలిచామో తెలియదు కాబట్టి రెండోసారి గెలవలేం.

సమావేశానికి తప్పక రండి. చెయ్యెత్తే ముందు ఇందులో మీకు తప్పనిపించింది ఏదైనా ఉంటే ఇక్కడే రాయండి, జవాబిస్తాం. మామయ్య, ఆ కుందుర పిల్ల ఇద్దరూ ఈ పోస్టు చదువుతున్నారు. వాళ్ల ముందు చెప్పగలిగిన మాటే రాయండి.